రెక్కల్లేని కందిరీగకి ఇంటిపేరు

ఆరుద్ర కార్తె సగం కూడా గడవలేదు. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా పిన్ని వాళ్ల క్వార్టర్ వెనక, కుళాయికి రెండు బారల దూరంలో పొడి మన్ను మీద ఎర్రటిది ఒకటి పరిగెడుతోంది. చిటికెన వేలి గోరంత పొడుగు. ముందు సగం ఇటుక రంగు, వెనక సగం మసినలుపు, ఆ నలుపు మీద సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లమచ్చలు. ఒళ్లంతా నూగు. ఖాళీ హార్లిక్స్ సీసా బోర్లించి పట్టాను. పిన్ని కంగారుపడిపోయింది. "ఆరుద్ర పురుగుని సీసాలో ఎట్టినావేటి? ఒగ్గేయ్, పాపం తగుల్తాది." పక్క క్వార్టరావిడ గోడ మీంచి తొంగి చూసి "రాణీ కీడా" అని తేల్చేసింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆరుద్ర పురుగుని అనే మాటే అది. మా మేనల్లుడు మోకాళ్ల మీద కూచుని పరీక్షగా చూసి "పెద్ద ఎర్రచీమ మావయ్యా" అన్నాడు. సీసా కదిపితే లోపల్నించి సన్నగా కీచుమని చప్పుడు వచ్చింది.

ముగ్గురి మాటా తప్పే. ఆరుద్ర పురుగుకి ఎనిమిది కాళ్లు. సాలీడుకీ తేలుకీ చుట్టం అది, తొలకరికి మన్నులోంచి బయటికొచ్చి తీరిగ్గా నడుస్తుంది, ఎవర్నీ కుట్టదు. సీసాలో ఉన్నదానికి కాళ్లు ఆరే, కాని దాని కొండి పొడుగు చూస్తే ఎవరూ వేలు పెట్టరు. చీమ కూడా కాదు. కందిరీగ, అందులోనూ ఆడది. పుట్టుకతోనే రెక్కల్లేవు. మ్యుటిల్లిడే కుటుంబం. ఇంగ్లీషువాళ్లు దీన్ని 'వెల్వెట్ యాంట్' అని పిలిచి మా మేనల్లుడి తప్పుకి డిక్షనరీలో చోటిచ్చారు.

డబ్ల్యూఆర్ఎస్ అంటే వ్యాగన్ రిపేర్ షాప్. రైల్వే ఉద్యోగాల మీద శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఇక్కడ పుట్టిన పిల్లల మాట వింటే ఏ ఊరివాళ్లో పోల్చుకోలేం. ఇంటిపేరు అడగాలి, తాతగారి ఊరు అడగాలి. రెక్కల్లేని కందిరీగల సంగతీ ఇలాంటిదే. పైకి కనబడే గుర్తు పట్టుకుని వాటి వంశం చెప్పబోయిన ప్రతిసారీ శాస్త్రం బోల్తాపడింది. పురుగుల వర్గీకరణకి లినేయస్ 1758లో పునాది వేశాక ఇప్పటికి రెండున్నర శతాబ్దాలు దాటింది. ఈ కందిరీగల విషయంలో ఆ చరిత్ర చాలావరకు కళ్లు చేసిన మోసాన్ని దిద్దుకుంటూ వచ్చిన చరిత్రే.

ముందు సీసాలోదాన్ని చూద్దాం. చీమ కాదని ఎలా తెలుస్తుంది? చీమకి మీసం మోచెయ్యిలా మడత పడుతుంది, మొదటి కణుపు పొడుగ్గా ఉండి అక్కణ్నించి వంగుతుంది. దీని మీసానికి అంత స్పష్టమైన మడత లేదు. చీమ నడుం దగ్గర ముడిలాగానో పలకలాగానో ఒకటో రెండో బుడిపెలు నిటారుగా లేచి ఉంటాయి, మన మామూలు గండుచీమలో కూడా కళ్లకి ఆనతాయి. దీనికి అలాంటి లేచిన ముడి లేదు. వక్షం చూస్తే, రెక్కలున్న కందిరీగకి అక్కడ పలకలూ అతుకులూ విడివిడిగా కనిపిస్తాయి. దీనికి అతుకులు చాలావరకు చెరిగిపోయి, అంతా కలిసి ఒకే డబ్బాలా గట్టిపడింది. పొట్ట రెండో ఖండం పక్కన నూగుతో కప్పిన సన్నటి గీత ఒకటి ఉంటుంది. ఈ కుటుంబాన్ని పట్టించే గుర్తుల్లో నిపుణులు మొదట వెతికేది దాన్నే. కీచుమన్న చప్పుడు పొట్ట ఖండాలు ఒకదానిమీద ఒకటి రాచుకోవడం వల్ల వచ్చింది. నన్ను మింగకు, పశ్చాత్తాపపడతావు అని బల్లికీ పిట్టకీ చేసే హెచ్చరిక అది.

ఇక గట్టిదనం. పురుగుల్ని పెట్టెలో గుచ్చి దాచేవాళ్లని అడగండి, వీటికి గుచ్చబోతే సూదులు వంగిపోతాయని చెబుతారు. అమెరికాలో జస్టిన్ ష్మిట్, ముర్రే బ్లమ్ 1977లో అక్కడి ఒక జాతిని పరీక్షించారు. దాన్ని నలిపెయ్యడానికి తేనెటీగకి కావలసిన బలానికి పదకొండింతలు కావాల్సి వచ్చింది. ఇంత కవచం ఎందుకంటే ఇది చేసే పని అలాంటిది. నేలలో గూడుకట్టే తేనెటీగల, కందిరీగల ఇంట్లోకి దూరి, లోపల ఎదిగిన పిల్లపురుగు మీదో ప్యూపా మీదో గుడ్డు పెట్టి రావాలి. ఇంటావిడ ఎదురైతే కుడుతుంది. చెక్కుచెదరకుండా బయటపడాలంటే డొల్ల గట్టిగా ఉండాలి, ఇరుకు సొరంగంలో నలిగిపోయే రెక్కలు అడ్డం.

ఇక్కడ భాష గురించి ఒక మాట. ఆతిథ్యమిచ్చినవాణ్ని చంపకుండా పీల్చుకుతినేదీ, చివరికి చంపి తీరేదీ తెలుగు పాఠ్యపుస్తకంలో రెండూ పరాన్నజీవులే. రెండోరకానికి ఫిన్లండ్ పురుగుల పండితుడు రాయిటర్ 1913లో పారసిటాయిడ్ అని వేరే పేరు పెట్టాడు. మన వ్యవసాయ పత్రికలు మాత్రం వీటిని బదనికలనే రాస్తాయి, చెట్టుకొమ్మ మీద వేళ్లు దింపి బతికే మొక్క పేరు. చంపే సంగతి ఆ మాటలో లేదు, అయినా రైతుకి అర్థమవుతుంది. నేనూ దాన్నే వాడతాను.

మ్యుటిల్లా అనే ప్రజాతి పేరు లినేయస్‌దే, 1758 నాటిది. చిక్కు అక్కడే మొదలైంది. ఆడదానికి రెక్కల్లేవు, మగదానికి ఉన్నాయి. రంగు వేరు, పరిమాణం వేరు, తిరిగే చోటు వేరు. మ్యూజియంలో పక్కపక్కన పెడితే ఒకే జాతి అని ఎవరూ అనుకోరు. దాంతో ఆడదానికో పేరు, మగదానికో పేరు. ఒక్క కాపురానికి రెండు రేషన్ కార్డులన్నమాట. మన దేశపు పట్టికకి ఇప్పటికీ మొదట తిరగేసే పుస్తకం చార్లెస్ థామస్ బింగ్‌హామ్‌ది. ఆయన సైనికుడు, తర్వాత బర్మా అడవుల శాఖలో అధికారి. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో కందిరీగలూ తేనెటీగలూ ఉన్న మొదటి సంపుటం 1897లో, చీమలున్న రెండోది 1903లో వచ్చాయి. వెల్వెట్ చీమలు మొదటి సంపుటంలోనే ఉన్నాయి, కాబట్టి బింగ్‌హామ్ పొరబడలేదు. అయితే ఆ వర్ణనల్లో చాలావాటికి ఒక్క లింగమే దొరికింది, రెండోది ఎవరో తెలీదు. చెల్లాచెదురైన ఆ పేర్లని ఒకచోట చేర్చే పని రష్యా శాస్త్రవేత్త లేలేయ్ 2005లో ప్రాచ్య ప్రాంతపు మ్యుటిల్లిడే జాబితాతో చేశారు.

జతని జతగా నిరూపించే దారులు కొన్నే ఉన్నాయి. మిథునంలో దొరకాలి. లేదా ఒకే గూట్లోంచి రెండూ పుట్టుకురావాలి. కన్నెపురుగుని పంజరంలో పెట్టి ఆరుబయట ఉంచితే వాసన పట్టుకుని మగవి వచ్చి వాలతాయి, ఇది నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే ఇందులో సాక్ష్యం చెప్పేది పురుగే. ఈమధ్య డీఎన్ఏ పోల్చడం వచ్చింది. రంగు చూసి చెప్పొచ్చుగా అనేవాళ్లకి 2012లో జవాబు దొరికింది. ఉత్తర అమెరికా వెల్వెట్ చీమల మీద విల్సన్ బృందం చేసిన పనిలో, దగ్గర చుట్టరికం లేని జాతులెన్నో ఒకే ప్రాంతంలో ఒకే రంగు వేసుకుని తిరుగుతున్నాయని తేలింది. ఒకదాన్ని తిని నోరు కాల్చుకున్న బల్లి మిగతావాటి జోలికీ పోదు. ఆ లాభం కోసం అందరూ ఒకే యూనిఫాం తొడిగారు. అలా రంగూ సాక్షిగా పనికిరాకుండా పోయింది.

కుటుంబం లోపలి సంగతి ఇలా ఉంటే కుటుంబం హద్దులు అంతకన్నా కదిలాయి. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త డెనిస్ బ్రదర్స్ 1975లో కొండి ఉన్న కందిరీగలన్నిటి వంశవృక్షాన్ని శరీర లక్షణాలతో గీశాడు. తర్వాతి మూడు దశాబ్దాలూ అందరూ ఆ చెట్టు నీడలోనే కూచున్నారు. 2008లో పిల్‌గ్రిమ్, వాన్ డోలెన్, పిట్స్ జన్యువులతో చూస్తే, అప్పటిదాకా మ్యుటిల్లిడేలోనే లెక్కేసిన మిర్మోసా అనే గుంపు మిగతావాటితో కలిసి ఒక్క కొమ్మగా రాలేదు. అది పక్కింటి కుటుంబమని వాళ్ల వాదన. బ్రాడినోబెనిడే అనే మరో కుటుంబం కూడా చీలింది. బ్రదర్స్, లేలేయ్ 2017లో మళ్లీ శరీర లక్షణాలతోనే కుటుంబాన్ని సవరించి, మిర్మోసాలని లోపలే ఉంచారు. జన్యువులు ఒకవైపు, శరీరం ఒకవైపు. నా మొగ్గు జన్యువుల వైపే. రెక్కలు పోయినప్పుడు వాటితోపాటు వక్షం అతుకులూ కండరాల గుర్తులూ కలిసే పోతాయి. విడివిడిగా రెక్కలు పోగొట్టుకున్న రెండు వంశాలు ఒకేలా కనిపించడానికి ఇదే కారణం. శరీరమే సాక్షి అయినప్పుడు ఆ సాక్షి సగం మాటలు మింగేస్తుంది.

ఒక తమాషా కూడా చెప్పాలి. 2013లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనం చీమల్ని తేనెటీగలకీ, వాటికి దగ్గరైన కందిరీగలకీ పక్కన కూచోబెట్టింది. అంటే చీమే కందిరీగల కొమ్మల మధ్య పుట్టింది, పనిచేసే ఆడవాళ్లకి రెక్కలు తీసేసుకుంది. మా మేనల్లుడు కందిరీగని చీమ అన్నాడు. వంశవృక్షం చూస్తే చీమనే కందిరీగ అనాల్సివస్తుంది. ఇంతకీ వీటన్నిటినీ కలిపే క్రమానికి పేరు హైమెనోప్టెరా, గ్రీకులో 'పొర రెక్కలు' అని అర్థం.

ఇప్పుడు కాలనీ దాటి వరిచేలోకి దిగాలి. రాయ్‌పూర్ చుట్టూ ఉన్నది వరి దేశం, 'ధాన్ కా కటోరా' అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునే గడ్డ. 1970లలో రిచార్యా అనే శాస్త్రవేత్త ఇక్కడే కూచుని వేలాది దేశవాళీ వరి రకాలు పోగుచేశాడు. ఆ విత్తనాల వారసత్వం ఇప్పుడు ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. ఈ వరికి ఆశ్వయుజం దగ్గరపడేకొద్దీ పట్టే పీడ సుడిదోమ. మన రైతులు దోమపోటంటారు, ఇక్కడివాళ్లు మాహో అంటారు. దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. చేను మధ్యలో గుండ్రంగా మాడిపోతుంది. ఆ దుబ్బులు విడదీసి చూస్తే, దోమల మధ్య చీమలాంటిదొకటి తచ్చాడుతూ కనిపించొచ్చు. మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది. రైతు దాన్ని చీమే అనుకుంటాడు. అది గొనటోపస్ అనే ప్రజాతి కందిరీగ, డ్రైనిడే కుటుంబం. వెల్వెట్ చీమతో దగ్గర చుట్టరికం ఏమీ లేదు, రెక్కల్లేకపోవడం మాత్రం ఉమ్మడి.

దీని ఒళ్లు భూతద్దంలో చూడాల్సినదే. తల వెడల్పు, నడినెత్తి లోపలికి నొక్కినట్టుంటుంది. వక్షం మధ్యలో పిండేసినట్టు సన్నబడి రెండు ముద్దలుగా కనబడుతుంది. మీసానికి పది కణుపులే. అన్నిటికన్నా విచిత్రం ముందుకాళ్లు. పాదం చివరి కణుపూ, పెద్దదైన గోరూ కలిసి పటకారు అయ్యాయి. పీతకి డెక్క ఎక్కడుంటుందో దీనికి అక్కడే పట్టు ఉంది. ఆడది ఆ పటకారుతో దోమ పిల్లని పట్టుకుని కుడుతుంది, దోమ కాసేపు కదలకుండా పడిపోతుంది, ఈలోగా పొట్ట ఖండాల మధ్య గుడ్డు దూర్చి వదిలేస్తుంది. దోమ లేచి మళ్లీ రసం పీల్చుకుంటూ బతుకు సాగిస్తుంది. కొన్నాళ్లకి దాని పక్కనుంచి చిన్న తిత్తి పొడుచుకొస్తుంది. లోపలి పురుగు విడిచిన పాత చర్మాలే ఆ తిత్తి గోడలు. ఎదిగాక తిత్తి చీల్చుకుని బయటికొచ్చి, దోమని ఖాళీ చేసి, వరి ఆకు మీద తెల్లటి పట్టు గూడు అల్లుకుంటుంది. కొన్ని దోమల్ని ఆడది గుడ్డు పెట్టకుండా అక్కడికక్కడే తినేస్తుంది కూడా. రైతుకి రెండువైపులా లాభం.

వర్గీకరణకి మాత్రం డ్రైనిడే ఒక పరీక్ష. మగదానికి రెక్కలుంటాయి, పటకారు ఉండదు. జాతిని గుర్తించే పట్టికలు ఎక్కువగా ఆడదాని పటకారు మీద, దాని మీది పళ్లూ పలకల లెక్క మీద ఆధారపడతాయి. మగదొక్కటే దొరికితే జాతి చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. ఈ కుటుంబానికి మొదటి పెద్ద గుర్తింపు చెరకు వల్ల వచ్చింది. హవాయి చెరకుతోటల్ని ఒక దోమ నాశనం చేస్తుంటే, పెర్కిన్స్ అనే పురుగుల శాస్త్రవేత్త 1904లో ఆస్ట్రేలియా వెళ్లి దాని శత్రువులని వెతికాడు. ఆ పనిలోనే డ్రైనిడే ప్రజాతులు ఎన్నిటికో పేర్లు పెట్టాడు. ఆ పేర్లలో సూడోగొనటోపస్ వంటివి తర్వాత గొనటోపస్‌లో కలిసిపోయాయి. కుటుంబం మొత్తాన్ని 1984లో ఇటలీ శాస్త్రవేత్త మాస్సిమో ఓల్మి రెండు భారీ సంపుటాల్లో తిరగరాశాడు. సుడిదోమకి శత్రువుగా తరచు వినబడే గొనటోపస్ ఫ్లేవిఫీమర్ పేరు పక్కన ఎసాకి, హషిమోటో, 1932 అని బ్రాకెట్లలో ఉంటుంది. బ్రాకెట్టు ఉందంటే పేరుపెట్టాక ఇల్లు మారిందని అర్థం. రెక్కల్లేని కందిరీగల జాబితా ఏది తెరిచినా బ్రాకెట్లు బారులు తీరి కనిపిస్తాయి.

మిగతా కుటుంబాల్ని త్వరగా చుట్టివస్తాను. యూరప్‌లో గెలిస్ అనే ఇక్న్యూమన్ కందిరీగలున్నాయి, ఆడవాళ్లలో ఎక్కువమందికి రెక్కల్లేవు. వీటి మీద ఫోర్‌స్టర్ 1851లో పెజోమాకస్ పేరిట ఒక మోనోగ్రాఫ్ రాసి, రవ్వంత తేడాకల్లా ఓ జాతి పేరు పెట్టుకుంటూ పోయాడు. అవన్నీ కలిపే పనికి తర్వాతివాళ్లు శ్రమపడ్డారు. గెలిస్ ఎజిలిస్‌ అయితే చీమ వేషంతో ఆగలేదని 2015లో తేలింది. భయపెడితే చీమల హెచ్చరిక వాసనలాంటిది విడుస్తుంది, దాంతో తోడేలు సాలీళ్లు వెనక్కి తగ్గుతాయి. సాలీడు గుడ్లసంచిలో పెరిగే బేయస్ అనే కందిరీగలో ఆడది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, గుండ్రటి ఆవగింజ. బెతిలిడే కుటుంబంలో కోనసీమవాళ్లకి తెలిసిన బంధువు ఒకటుంది. కొబ్బరికి పట్టే నల్లతల గొంగళిపురుగు మీదికి అంబాజీపేట పరిశోధనా స్థానం పెంచి వదిలే గోనియోజస్‌కి రెక్కలున్నాయి. అదే కుటుంబంలోని స్క్లెరోడెర్మస్ ఆడవాళ్లకి చాలావరకు ఉండవు. అవి పాత చెక్క ఫర్నిచర్‌లో పుల్లపురుగుల వెంట తిరుగుతూ ఒక్కోసారి మనుషుల్ని కుట్టి దద్దుర్లు తెప్పిస్తాయి. మన ఇళ్లలో ఆ నేరం నల్లుల ఖాతాలో పడిపోతుంటుంది కాబోలు. మేడిపండు సంగతి వేమన తర్వాత మళ్లీ ఎవరైనా చెప్పాలా? కాయలోపల పుట్టే మగ కందిరీగలకి రెక్కల్లేవు. ఆడవాళ్లతో జతకట్టి, వాళ్లు ఎగిరిపోవడానికి కన్నం తొలిచి, అక్కడే చచ్చిపోతాయి. వీటి గురించి జీవశాస్త్రవేత్త హామిల్టన్ 1979లో రాసిన వ్యాసం చదివాక నేను మేడిపండు చీల్చే చెయ్యి ఆగింది.

వీటన్నిటికన్నా ట్రైకోగ్రామా కథ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ట్రైకోకార్డు మన రైతులకి పరిచయమే. బియ్యంలో గూళ్లు కట్టే పురుగు గుడ్లు అంటించిన అట్టముక్కని ఆకుకి తగిలిస్తే, కాండం తొలిచే పురుగు గుడ్లలోకి దూరే బుల్లి కందిరీగలు దానిలోంచి వస్తాయి. ఆ ప్రజాతిలోనే సెంబ్లిడిస్ అనే జాతిని కేంబ్రిడ్జ్‌లో జార్జ్ సాల్ట్ పెంచాడు. సీతాకోకచిలకల వర్గపు పురుగు గుడ్డులో పెరిగిన మగవాళ్లకి రెక్కలొచ్చాయి. నీటి ఒడ్డున ఉండే ఆల్డర్ ఈగ గుడ్డులో పెరిగితే మగవాళ్లకి రెక్కలే రాలేదు. తల్లి జాతి ఒకటే, తిన్న తిండి వేరు. 1937లో ఈ ఫలితం అచ్చయింది. రెక్కలున్నవాణ్ని ఒక జాతిగా, లేనివాణ్ని ఇంకో జాతిగా రాసిపెట్టుకున్న పాత పండితులెవరైనా ఆ కాగితం చూస్తే తలపట్టుకునేవారు.

అసలు రెక్కలెందుకు వదులుకోవాలి? ఎగిరే కండరాలు పెంచడానికి పెట్టే ఖర్చు గుడ్లకి మళ్లించొచ్చన్నది ఒక సమాధానం. నేల, గూడు, కాయ, గుడ్లసంచి లాంటి ఇరుకుల్లో రెక్క అడ్డమన్నది రెండోది. చీమ వేషం వేస్తే శత్రువు దూరంగా ఉంటాడన్నది మూడోది. మూడూ నిజమే అయ్యుండొచ్చు. కాని చీమ వేషాన్ని మొదటి కారణంగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. రెక్కపోతే వక్షం కుంచించుకుపోతుంది, నడుం సన్నగా కనబడుతుంది, చీమ రూపం ఖర్చు లేకుండా వచ్చేస్తుంది. లాభం తర్వాత చేరింది. కాకపోతే రెక్కల్లేనిది కొత్త చేనుకి ఎలా చేరుతుంది? గొనటోపస్ దగ్గర దీనికి అచ్చమైన జవాబుంది. దాని పిల్ల దోమ పొట్టలో ఉండగా ఆ దోమ ఎగురుతుంది. జపాన్‌కి సముద్రం మీదుగా వచ్చిపడే దోమల్లో కూడా ఇలా ప్రయాణికుల్ని మోసుకొచ్చినవి దొరికాయి. తల్లికి రెక్కల్లేకపోయినా బిడ్డ టికెట్టు లేకుండా ప్రయాణం చేస్తుంది, రైల్వే కాలనీలో ఇది చెప్తే అందరికీ ఇట్టే అర్థమైంది.

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ దసరా మైదానం రావణ దహనానికి రాయ్‌పూర్ అంతటా పేరు. నేను రెండోసారి వెళ్లింది ఆ రోజుల్లోనే. వరి కంకి పాలు పోసుకునే కాలం. దీపాల చుట్టూ పచ్చదోమలూ గోధుమరంగు దోమలూ ముసురుతాయి, మీద పడతాయి, తినే ప్లేటులో పడతాయి. పిన్ని వసారాలో ట్యూబ్‌లైట్ కింద పాత పేపరు పరిచి, రాలినవాటిని భూతద్దంతో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. "పండగపూట ఈ పనేటిరా" అని పిన్ని సణిగింది. దాదాపు రెండు వందలు చూశాక ఒకదాని పక్కన నువ్వుగింజలో సగం ఉన్న నల్లటి తిత్తి దొరికింది. ఆ దోమని వరిదుబ్బు పెట్టిన సీసాలో వేశాను. మూడో రోజుకి దోమ ఖాళీ డొల్ల, ఆకు మీద తెల్లటి గూడు. హైదరాబాద్ తిరుగు ప్రయాణంలో సీసా ఒళ్లో పెట్టుకునే వచ్చాను. మరో రెండు వారాలకి గూడు తెరుచుకుంది. చీమలాంటి ఆడదాని కోసం ఎదురుచూస్తున్న నాకు, నల్లటి బక్కపలచటి పురుగు కనిపించింది. పటకారు లేదు, పొరలాంటి రెక్కలు నాలుగూ ఉన్నాయి. మగది. సీసా మూతకి అంటించిన కాగితం మీద గొనటోపస్ అని రాసి, జాతి రాయాల్సిన చోట గీత గీసి వదిలేశాను.